టేకు చెక్కలో వానల చరిత్ర, సూర్యుడి చరిత్ర: వార్షిక వలయాలను చదవడం ఎలా

విజయవాడలో గాని గుంటూరులో గాని ఏదైనా టింబర్ డిపోకు వెళ్ళి, అడ్డంగా కోసిన టేకు దుంగ మొదలును మంచి వెలుతురులో పరిశీలిస్తే, నడుమనున్న దవ్వ చుట్టూ ఒకదాన్ని చుట్టి మరొకటిగా విస్తరించిన వలయాలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టి చెట్టు వయసు చెప్పవచ్చునని బడిపిల్లలకు కూడా తెలుసు. ఈ వ్యాసంలో వివరించబోయే పని అంతకంటే కొంచెం కష్టమైనది. ప్రతి వలయానికీ అది ఏర్పడిన సంవత్సరాన్ని నిర్ణయించి, వెడల్పులను కొలిచి, ఆ కొలతలను వర్షపాతపు లెక్కలతో పోల్చి, చివరకు వాటిలో సూర్యుడి పదకొండేళ్ళ చక్రం, అంటే సూర్యుడి మీది నల్లమచ్చలు హెచ్చుతూ తగ్గుతూ ఉండే లయ, ఉన్నదో లేదో పరీక్షించాలి. ఈ పనికి దిగేవారు మొదటినుంచీ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. మన ప్రాంతపు టేకులో వలయం వెడల్పు ప్రధానంగా వానను గురించి చెబుతుంది. సూర్యుడిని గురించిన సాక్ష్యం వెడల్పులో కాక, ఆ వలయంలో నిలిచిపోయిన కర్బనంలో ఉంటుంది. ఈ రెండింటినీ కలిపివేసిన పండితులు ఒకరిద్దరు కారు, వారి సంగతి తరువాత వస్తుంది.

చెట్టును ఎంచుకోవడం

అన్ని చెట్లూ ఈ పనికి రావు. తాటి, ఈత, కొబ్బరి చెట్లలో వలయాలే ఉండవు, ఎందుకంటే బెరడు కింద ఏటేటా కొత్త చెక్కను చేర్చే పొర వాటి కాండంలో లేదు. మర్రి, రావి, చింత వంటి చెట్లలో గీతలు కనిపించినా, ఏడాదికి ఒక్క గీతే పడిందని నమ్మడానికి ఆధారం ఉండదు. టేకు విషయం వేరు. ఎండలు ముదిరేనాటికి అది ఆకులన్నీ రాల్చి పెరుగుదల ఆపివేస్తుంది. తొలకరికి కాస్త ముందుగా చిగురించి, వానాకాలమంతా లావెక్కి, చలికాలానికి మళ్ళీ నెమ్మదిస్తుంది. పెరుగుదల మొదలైన కొత్తలో నీటిని మోసే పెద్ద నాళాలు ఏర్పడతాయి, సీజను చివర ఏర్పడే చెక్క దట్టంగా, సన్నని నాళాలతో ఉంటుంది. అడ్డకోతలో కంటికి కనిపించే సూదిబెజ్జాల వరుస ఆ కొత్త పెరుగుదలే, అంటే కొత్త సంవత్సరపు సరిహద్దు. ఉష్ణమండలంలో ఇంత స్పష్టంగా సంవత్సరాన్ని గుర్తుపెట్టే చెట్లు చాలా తక్కువ. అందుకే కేరళ అడవుల టేకుతో 523 ఏళ్ళ వలయాల వరుసను నిర్మించి, అందులో ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీరు మామూలుకంటే వేడెక్కడం) సంవత్సరాల వర్షాభావపు గుర్తులను 2010లో ప్రకటించగలిగారు.

టేకు అయినంత మాత్రాన చాలదు, అది ఎక్కడ పెరిగిందో తెలియాలి. డిపోలో ఉన్న దుంగ నల్లమలదా, పాపికొండలదా, లేక ఓడలో దిగిన ఆఫ్రికా, దక్షిణ అమెరికా సరుకా అని అడగండి. అటవీశాఖ వేలంలో కొన్న దుంగ అయితే సుత్తిముద్ర, రవాణా పర్మిట్ ఉంటాయి, వాటినిబట్టి ఏ డివిజన్ నుంచి, ఏ సంవత్సరంలో వచ్చిందో తెలుస్తుంది. పాత మేడల దూలాలు, మండువా ఇళ్ళ స్తంభాలు మరీ ఆశపెడతాయి గాని, కోస్తాలో అలాంటి కలప చాలావరకు బర్మా టేకు. దాని వలయాలు ఎంత అందంగా ఉన్నా అవి చెప్పేది బర్మా అడవుల వానలను గురించే తప్ప గుంటూరు వానలను గురించి కాదు. దూలం ఏ ఊరి మిద్దెలో నూరేళ్ళున్నా, దాని వలయాలు అది మొలిచిన ఊరి సంగతే చెబుతాయి.

మన ప్రాంతపు చెట్టే దొరికినా మరో పరీక్ష ఉంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ గట్లమీద గాని, మాగాణి చేల మధ్య గాని పెరిగిన చెట్టుకు వానలు తప్పినా నీరు తప్పదు. అలాంటి చెట్టులో ఏటేటా వలయాలు ఒకే వెడల్పుతో సాగిపోతాయి, చూపుకు చక్కగా ఉంటాయి, పరిశోధనకు మాత్రం ఎందుకూ కొరగావు. రాతినేలలో, కొండవాలులో, వాననే నమ్ముకుని బతికిన చెట్టు కావాలి. సన్నవీ వెడల్పువీ కలిసి గజిబిజిగా కనిపించే దుంగను ఎంచుకోవడం మంచిది. సన్నవలయాలు ఎక్కువగా ఉంటే ఆ చెట్టు కరువును ఎరిగినదన్నమాట.

నమూనా సంపాదించి సిద్ధం చేయడం

బతికి ఉన్న చెట్టును ఇందుకోసం నరకవలసిన పని లేదు, నరకకూడదు. పరిశోధకులు బోలు బరమా వంటి పనిముట్టుతో బెరడు నుంచి దవ్వ వరకు పెన్సిల్ కంటే సన్నని కడ్డీని బయటకు తీస్తారు, అయితే అడవిలో అది చేయడానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఎర్రచందనం జోలికి ఏ రూపంలోనూ వెళ్ళవద్దు. మొదటిసారి ప్రయత్నించేవారికి సామిల్లులో మిగిలే మొదలు ముక్కే అన్నింటికన్నా అనుకూలం. దుంగను సైజులుగా కోసేముందు చివర్లు సరిచేయడానికి తీసివేసే ముక్కను రెండంగుళాల మందంతో బిళ్ళగా కోసి ఇమ్మని అడిగితే, డిపోవారు పొయ్యిలోకి పోయే ముక్కే గనుక సాధారణంగా కాదనరు. ఒకే అడవి నుంచి వచ్చిన కనీసం పది చెట్ల బిళ్ళలు, ప్రతి బిళ్ళ మీద రెండు మూడు వ్యాసార్ధాల కొలతలు ఉంటే తప్ప ఫలితాన్ని నమ్మడానికి వీలుండదు. బిళ్ళ చేతికి రాగానే, దుంగ ఎక్కడిదో, ఎప్పుడు నరికారో, మొదలు నుంచి ఎంత ఎత్తులో కోశారో దానిమీదే పెన్సిలుతో రాయండి. కాగితం చీటీలు నెల తిరగకముందే ఎటో పోతాయి.

బెరడు ఉన్న ముక్కను అడగడం మరచిపోవద్దు. చెట్టు నరికిన ఏడు తెలిసి, బెరడు కింది ఆఖరి వలయం నిలిచి ఉంటే, అక్కడినుంచి లోపలికి సంవత్సరాలు లెక్కించవచ్చు. వడ్రంగులు చేవను మాత్రమే ఉంచి, దాని చుట్టూ ఉండే లేతరంగు చెక్కను చెక్కివేస్తారు, పురుగుకు అదే ముందు లోనవుతుంది కాబట్టి వారి దృష్టిలో అది సరైన పనే. కాని మన లెక్కకు అక్కడే గండి పడుతుంది, పోయిన వలయాలు ఎన్నో చెప్పడానికి దారి ఉండదు.

కోసిన బిళ్ళను నీడలో నెమ్మదిగా ఆరబెట్టాలి. గుంటూరు ఎండలో పెడితే దవ్వ నుంచి అంచు దాకా పగులుతుంది. ఆరిన తరువాత ఎమరీ పేపరుతో మొదట 80, ఆపై 120, 220, 400 నంబర్ల వరుసలో రుద్దాలి. ప్రతి నంబరుతోనూ ముందరి నంబరు గీతలు పూర్తిగా మాయమయ్యేదాకా ఓపిక పట్టడం ఈ పనిలో అన్నింటికన్నా విసుగు పుట్టించేది, అన్నింటికన్నా ముఖ్యమైనది కూడా. చివర 600 నంబరు పేపరు వాడి, దుమ్ము ఊదివేసి, మెత్తని సుద్దపొడిని అరచేత్తో రుద్దితే, పొడి పెద్దనాళాల్లోకి దిగి ప్రతి సంవత్సరపు ఆరంభమూ తెల్లని చుక్కల వరుసగా కనిపిస్తుంది. వార్నిషు గాని పాలిషు గాని పూయవద్దు, తరువాత ఎవరైనా ఆ చెక్కలోని కర్బనాన్ని పరీక్షించదలచుకుంటే ఆ పూత పెద్ద అడ్డంకి అవుతుంది.

సంవత్సరం నిర్ణయించడం

ఇక్కడ పాటించవలసిన పద్ధతిని రూపొందించినది ఆండ్రూ ఎలికాట్ డగ్లస్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త. సూర్యమచ్చల చక్రానికీ వాతావరణానికీ సంబంధం ఉంటే అది చెట్లలో కనిపించాలని ఊహించి, 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో అరిజోనా పైన్ చెట్ల వలయాలను కొలవడం మొదలుపెట్టిన ఆయన, ఒకే ప్రాంతంలోని చెట్లన్నింటిలోనూ సన్న వెడల్పు వలయాలు ఒకే క్రమంలో వస్తున్నాయని గమనించాడు. ఆ క్రమాన్ని ఒక చెట్టు నుంచి మరొక చెట్టుకు జతపరిస్తే పాత కట్టడాల దూలాల కాలాన్ని ఏడాది తేడా లేకుండా చెప్పవచ్చు. 1929లో అరిజోనాలోని షో లో అనే ఊళ్ళో దొరికిన కాలిన దూలం ఒకటి, ఆయన దగ్గరున్న రెండు విడివిడి వరుసలను కలిపి, ఆదివాసుల పాత గ్రామాలకు తేదీలు ఇచ్చింది. 1937లో ఆయన టూసాన్‌లో స్థాపించిన వలయాల పరిశోధనశాల నేటికీ ఈ శాస్త్రానికి పుట్టినిల్లుగా నిలిచి ఉంది. సూర్యుడి కోసం బయలుదేరి పురావస్తు శాస్త్రానికి కేలండరు ఇచ్చి పోయినవాడు ఆయన.

చేతితో చేసే పద్ధతి సులభమే. గ్రాఫు కాగితపు పట్టీ తీసుకుని, ఒక్కో నిలువు గడిని ఒక్కో సంవత్సరంగా పెట్టుకోండి. బిళ్ళ మీద ఒక వలయం తన ఇరుగుపొరుగు వలయాల కంటే సన్నగా ఉంటే ఆ గడిలో గీత గీయండి. ఎంత సన్నగా ఉంటే అంత పొడవైన గీత. మామూలు వలయాలకు ఏ గీతా అక్కరలేదు. ఇలా ఒక్కో చెట్టుకు ఒక్కో పట్టీ తయారుచేసి, ఒకదాని కింద ఒకటి ఉంచి జరుపుతూ పోతే, పొడవైన గీతలు ఒకచోట ఒకదానికింద ఒకటి సరిపడతాయి. ఒకటి రెండు గీతలు కలిస్తే తృప్తి పడవద్దు, పట్టీ పొడవునా కలవాలి.

జరిపినప్పుడు సగం దాకా చక్కగా కలిసి, ఆ పైన ఒక గడి పక్కకు తప్పిపోతే, దోషం చెట్టులోనో లెక్కలోనో ఉంది. కోస్తా జిల్లాల్లో ఇది తరచుగా జరుగుతుంది. నైరుతి రుతుపవనాల మధ్యలో వానలు మూడు నాలుగు వారాలు ఆగిపోయి, మళ్ళీ వచ్చినప్పుడు, లేదా అక్టోబరు, నవంబరు వాయుగుండాలతో నేల మళ్ళీ తడిసినప్పుడు, టేకు ఒకే ఏడాదిలో రెండుసార్లు పెరుగుదల మొదలుపెట్టి దొంగ వలయాన్ని సృష్టించవచ్చు. భూతద్దంతో చూస్తే అసలు సరిహద్దు ఒక పక్క తెగ్గోసినట్టు ఉంటుంది. దొంగ వలయం రెండు వైపులా క్రమంగా కలిసిపోతుంది, బిళ్ళ చుట్టూ వెంబడిస్తే ఎక్కడో ఒకచోట మాయమవుతుంది. ఇందుకు విరుద్ధంగా, దారుణమైన కరువులో చెట్టు కాండం ఒక వైపున అసలు చెక్కనే చేర్చకపోవచ్చు. ఒక వ్యాసార్ధం మీద కనిపించని వలయం మరో వ్యాసార్ధం మీద కనిపిస్తుంది కనుకనే ఒక్క గీత వెంట లెక్కపెట్టడం ప్రమాదకరం.

అనుమానం తీరకపోతే శాస్త్రజ్ఞులకు ఒక గట్టి ఆధారం ఉంది. 1950లలో, 1960ల ఆరంభంలో అగ్రరాజ్యాలు గాలిలో పేల్చిన అణుబాంబుల వల్ల వాతావరణంలోని కార్బన్-14 (కర్బనంలో అతి స్వల్పంగా ఉండే రేడియోధార్మిక రూపం) ఉత్తరార్ధ గోళంలో 1963 ప్రాంతానికి దాదాపు రెట్టింపయింది. ఆ కాలపు వలయాల్లో ఆ ఎత్తు శిఖరంలా కనిపిస్తుంది కాబట్టి, ఉష్ణమండలపు చెట్లు నిజంగా ఏడాదికి ఒక వలయమే వేస్తున్నాయా అన్నది దానితో తేల్చుకుంటారు.

పాత ఇళ్ళ విషయంలో మన పంచాంగం కూడా పనికివస్తుంది, ఇది విదేశీ గ్రంథాల్లో దొరకని సౌకర్యం. ద్వారబంధం మీద గృహప్రవేశపు సంవత్సరాన్ని "నందన" అనో "ధాత" అనో చెక్కి ఉంచే అలవాటు వల్ల, అరవై ఏళ్ళకొకసారి తిరిగి వచ్చే మూడు నాలుగు సంవత్సరాల్లో ఒకటని తెలుస్తుంది. నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. ఆ కలపలో మిగిలిన చివరి వలయం 1870 నాటిదని జతపరచడం వల్ల తేలితే, 1832 దానంతటదే కొట్టుబడిపోతుంది. అంతకు మించి నిర్ణయించాలంటే చెక్కివేసిన వలయాల లెక్క కావాలి, అది దొరకదు.

కొలిచి సూచిక కట్టడం

బిళ్ళను ఇంటి స్కానరు మీదనో, జిరాక్సు దుకాణంలోని ఫ్లాట్‌బెడ్ స్కానరు మీదనో 1200 డీపీఐ స్పష్టతతో, పక్కన ఒక స్కేలు ఉంచి స్కాన్ చేయించండి. అప్పుడు బొమ్మలోని ఒక్కో చుక్క మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతు అవుతుంది, ఇంటిపట్టున చేసే పనికి అది చాలు. ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేరులో స్కేలును బట్టి కొలతను సరిచేసుకుని, సరిహద్దులకు లంబంగా గీత గీసి, ఒక్కొక్క వలయం వెడల్పును స్ప్రెడ్‌షీటులో సంవత్సరం ఎదురుగా రాసుకోవాలి.

ఈ వెడల్పులను నేరుగా వానతో పోల్చకూడదు. లేత వయసులో టేకు వలయాలు వెడల్పుగా ఉండి, చెట్టు ముదిరేకొద్దీ సన్నబడతాయి. ఈ తగ్గుదల వయసుది, వాతావరణానిది కాదు. అందువల్ల దవ్వ నుంచి బెరడు వరకు వెడల్పులు తగ్గుతూ వచ్చే తీరును ఒక నున్నని వక్రరేఖగా గీసి, ప్రతి ఏటి అసలు వెడల్పును ఆ రేఖ చూపే వెడల్పుతో భాగించాలి. రేఖ ప్రకారం 3 మిల్లీమీటర్లు ఉండవలసిన ఏడాదిలో 2.4 మాత్రమే ఉంటే సూచిక 0.8, 3.6 ఉంటే 1.2. చెట్లన్నింటి సూచికలకు ఏడాదివారీ సగటు తీస్తే ఒక చెట్టుకు పట్టిన చీడ, పక్క చెట్టు కూలడం వల్ల దొరికిన వెలుతురు వంటి సొంత గొడవలు సర్దుకుపోయి, అన్నింటికీ ఉమ్మడిగా తగిలిన వాతావరణం మిగులుతుంది. తోటల్లో పెంచిన టేకులో మాత్రం జాగ్రత్త: వనశాఖవారు కొన్ని చెట్లను తీసివేసి ఎడం చేసిన ఏడాది తరువాత చెట్లన్నీ ఒకేసారి లావెక్కుతాయి, అది మంచి వానలాగే కనిపిస్తుంది.

వానతో పోల్చడం

పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ, కోస్తాంధ్రతో సహా దేశంలోని వాతావరణ ఉపవిభాగాలకు 1871 నుంచి నెలవారీ వర్షపాతపు వరుసలను అందుబాటులో ఉంచింది. భారత వాతావరణ శాఖ దేశాన్ని గడులుగా విభజించి 1901 నుంచి ఇచ్చే దినవారీ లెక్కలు ఇంకా సూక్ష్మమైనవి. దుంగ వచ్చిన అడవికి దగ్గరి గడిని ఎంచుకుని, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక మొత్తం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరొక మొత్తం కట్టండి. సూచికకూ ఈ మొత్తాలకూ సహసంబంధాన్ని, అంటే రెండూ ఎంతవరకు కలిసి హెచ్చుతగ్గులవుతున్నాయో చెప్పే సంఖ్యను, స్ప్రెడ్‌షీటులోని కోరెల్ ఫంక్షనుతో లెక్కించవచ్చు. యాభై ఏళ్ళ లెక్కలుంటే, ఆ సంఖ్య సుమారు 0.28 దాటినప్పుడు మాత్రమే అది కేవలం కాకతాళీయం కాదని చెప్పడానికి వీలుంటుంది, అది కూడా ఒకటి రెండు పోలికలే చేసినప్పుడు. పన్నెండు నెలలనూ విడివిడిగా, ముందటి ఏడాది నెలలతో కలిపి పోలుస్తూ పోతే, ఏదో ఒకటి యాదృచ్ఛికంగా 0.28 దాటి తీరుతుంది. ముందటి ఏడాది వానతో పోల్చడం వ్యర్థమని కాదు. చెట్టు నిల్వ చేసుకున్న ఆహారంతోనే మరుసటి ఏటి చిగురు మొదలవుతుంది కనుక, కరువు దెబ్బ కొన్నిసార్లు మరుసటి వలయం మీద కూడా పడుతుంది. ఏ పోలికలు చేయబోతున్నారో లెక్క ప్రారంభించక ముందే కాగితం మీద రాసుకోవడం ఉత్తమం.

1899, 1918, 1972, 1987, 2002 దేశమంతటా నైరుతి వానలు తీవ్రంగా విఫలమైన సంవత్సరాలు. మీ వరుసలో ఇవి సన్నవలయాలుగా ఉన్నాయేమో చూడటం మంచి తొలి పరీక్ష, స్థానిక లెక్కలు కూడా అదే చెబుతున్నాయో లేదో చూసుకున్న తరువాత. 2009 ఇంకా ఆసక్తికరమైనది. ఆ ఏడు నైరుతి కాలం దేశానికి పెద్ద కరువు. అక్టోబరు మొదట్లోనే ఎగువ కృష్ణా, తుంగభద్ర పరివాహక ప్రాంతంలో కురిసిన కుంభవృష్టి కర్నూలును ముంచి, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులను దాటిన వరదగా వచ్చింది. నది నిండినంత మాత్రాన కొండవాలు టేకు వలయం వెడల్పు కాదు. చెట్టుకు కావలసింది నెలల తరబడి నేలలో నిలిచిన తడి, నాలుగు రోజుల ప్రవాహం కాదు. అందువల్ల వలయాలను వరదల పట్టికగా వాడబోవద్దు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన వంటి తుపానుల గుర్తులు కూడా వెడల్పులో కాక ఆకారంలో వెతకాలి: గాలికి వంగి బతికిన చెట్టు, ఆ ఏటి నుంచి వంపు పైభాగంలో ఎక్కువ చెక్కను పెంచుతూ వలయాలను ఒక వైపుకు నెడుతుంది.

ఇలాంటి వరుసలను వందల చోట్ల నుంచి కూర్చి, ఎడ్వర్డ్ కుక్, ఆయన సహచరులు 2010లో రుతుపవన ఆసియా కరువుల పటాన్ని ప్రచురించారు. 1756 నుంచి 1768 దాకా సాగిన దీర్ఘ వర్షాభావం, 1790ల నాటి కరువు, 1876–78 నాటి మహా కరువు అందులో స్పష్టంగా కనిపిస్తాయి. చివరిది మనకు ధాత కరువుగా తెలిసినదే.

సూర్యుడి చక్రం కోసం వెతకడం

ధాత కరువు ఈ కథలోకి సూర్యుడిని తెచ్చింది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి గుంటూరు వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జూల్ జాన్సెన్, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించి, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని చూడగలిగాడు. అదే పద్ధతిని ఇంగ్లండులో స్వతంత్రంగా కనుగొన్న నార్మన్ లాక్‌యర్, 1877లో బ్రిటిష్ ఇండియా గణాంక అధికారి విలియం హంటర్‌తో కలిసి, సూర్యమచ్చలు తగ్గిన ఏళ్ళలోనే దక్షిణ భారతంలో కరువులు వస్తాయని వాదించాడు. ఆ వాదం అర్థం లేనిదేమీ కాదు. గుంటూరు సీమను నాశనం చేసిన డొక్కల కరువు, అంటే నందన సంవత్సరపు 1832–33 కరువు, 1833 నాటి సౌర కనిష్ఠం (సూర్యమచ్చలు అతి తక్కువగా ఉండే దశ) పక్కనే ఉంది. ధాత కరువు 1878 నాటి కనిష్ఠానికి ఆనుకుని ఉంది. కరువును ముందే ఊహించగలమన్న ఆశ, కొడైకెనాల్‌లో 1899లో సౌర వేధశాల వెలవడానికి ఒక కారణం.

ఇప్పుడు పైన చెప్పిన కరువుల జాబితాను, 1965, 1979 కరువులను కూడా చేర్చి, చేతిలోకి తీసుకోండి. బెల్జియం రాయల్ అబ్జర్వేటరీ 1700 నుంచి ఇచ్చే వార్షిక సూర్యమచ్చల సంఖ్యలను ఇంటర్నెట్ నుంచి దించుకుని, ఒక్కో కరువు ఎదుట రాసి చూడండి. 1918 కరువు 1917 నాటి గరిష్ఠం తరువాతి ఏడాది వచ్చింది. 1965 కరువు కనిష్ఠం పక్కన, 1979 కరువు గరిష్ఠంలో, 1987 కరువు కనిష్ఠం దాటగానే, 2002 కరువు గరిష్ఠం దాటగానే, 2009 కరువు మళ్ళీ కనిష్ఠం దాటగానే వచ్చాయి. రెండు మహా కరువులు ఒప్పించిన వాదాన్ని తరువాతి నూరేళ్ళ కరువులు తోసిపుచ్చుతున్నాయి. భారత వాతావరణ శాఖకు అధిపతిగా పనిచేసిన గిల్బర్ట్ వాకర్ సూర్యమచ్చలకూ వానలకూ సంబంధాన్ని గణితంతో పరీక్షించి, అది చాలా బలహీనమైనదని తేల్చి, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీది పీడనపు ఊగిసలాటను గుర్తించాడు. మన రుతుపవనాల మంచిచెడ్డలకు నేటికీ ఎల్ నినోతో ముడిపడిన ఆ ఊగిసలాటే మెరుగైన ఆధారం.

దీని వెనుక భౌతికమైన కారణం కూడా ఉంది. పదకొండేళ్ళ చక్రంలో గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య సూర్యుడి మొత్తం కాంతిశక్తి మారేది సుమారు వెయ్యో వంతు మాత్రమే. అంత స్వల్పమైన మార్పు ఒక అడవి మీద పడే వానను స్పష్టంగా పెంచడమో తగ్గించడమో చేసి, అది కూడా వలయంలో గుర్తు మిగల్చడం కష్టం. డగ్లస్ చూసిన చక్రాలను ఆయన స్థాపించిన పరిశోధనశాలకు చెందిన లామార్ష్, ఫ్రిట్స్ 1972లో పెద్ద నమూనాలతో పరీక్షించి, సూర్యమచ్చలతో నమ్మదగిన సంబంధం లేదన్నారు. అమెరికా పశ్చిమ ప్రాంతపు కరువుల విస్తీర్ణంలో 22 ఏళ్ళ లయ ఉన్నదని 1979లో మరో బృందం చూపింది, కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. అయితే అది ఒక విశాల ప్రాంతపు సగటు సంగతి, ఒక డిపోలో దొరికిన బిళ్ళల సంగతి కాదు.

మీ సూచికలో పదకొండేళ్ళ అల కనిపిస్తే మొదట అనుమానించవలసింది మీ గణితాన్నే. అయిదేళ్ళ, ఏడేళ్ళ చలన సగటుతో (ప్రతి ఏటి విలువ బదులు ఇరుపక్కల ఏళ్ళతో కలిపి తీసిన సగటుతో) నునుపు చేసిన ఏ యాదృచ్ఛిక సంఖ్యల వరుసలోనైనా అలలు పుట్టుకొస్తాయని రష్యన్ గణితజ్ఞుడు స్లట్‌స్కీ 1927లోనే చూపాడు. అందువల్ల చక్రాల పరీక్షకు నునుపు చేయని సూచికనే వాడాలి. అదే సూచికలోని సంవత్సరాలను లాటరీ చీటీల్లా కలిపి, వెయ్యిసార్లు తారుమారు చేసి, ప్రతిసారీ పదకొండేళ్ళ అల ఎంత బలంగా వస్తుందో కంప్యూటరుతో లెక్కించండి. మీ అసలు వరుసలోని అల వాటిలో 950 కంటే బలంగా ఉంటేనే ముందుకు సాగాలి. ఆ తరువాత వరుసను రెండు ముక్కలు చేసి, రెండింటిలోనూ గరిష్ఠాలు సూర్యమచ్చల గరిష్ఠాలతో ఒకే వరసలో కలుస్తున్నాయా అని చూడాలి. మొదటి సగంలో కలిసి రెండో సగంలో ఎదురుతిరిగితే, ఫలితాన్ని వదిలివేయడమే న్యాయం.

వలయంలోని కర్బనం

సూర్యుడి నిజమైన సంతకం చెక్క రసాయనంలో ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు వాతావరణంలో న్యూట్రాన్లను పుట్టిస్తాయి, అవి నైట్రోజన్‌ను తాకి కార్బన్-14గా మారుస్తాయి. అది బొగ్గుపులుసు వాయువులో కలిసి, ఆకుల ద్వారా చెట్టులోకి చేరి, ఆ ఏటి వలయపు సెల్యులోజులో నిలిచిపోతుంది. సూర్యుడు చురుకుగా ఉన్నప్పుడు అతని అయస్కాంత క్షేత్రం విశ్వకిరణాలను కొంత అడ్డుకుంటుంది కనుక కార్బన్-14 తగ్గుతుంది. సూర్యమచ్చలు లేని కాలంలో పెరుగుతుంది. 1645 నుంచి 1715 దాకా సూర్యమచ్చలు దాదాపు కనిపించని మౌండర్ కనిష్ఠం నిజమేనని 1976లో అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త జాక్ ఎడ్డీ వాదించినప్పుడు, ఆయన చూపిన సాక్ష్యాలలో వలయాల్లో పెరిగిన కార్బన్-14 ఒకటి.

2012లో ఫుసా మియాకే, ఆమె సహచరులు జపాన్‌లోని యాకుషిమా ద్వీపపు దేవదారు జాతి చెట్లలో 774–775 నాటి వలయాల మధ్య కార్బన్-14 ఒక్కసారిగా సుమారు 1.2 శాతం ఎగబాకిందని కనుగొన్నారు. సూర్యుడి నుంచి వెలువడిన అసాధారణమైన కణాల తుపాను దానికి కారణమని ఎక్కువమంది భావిస్తున్నారు. 993–994లో మరొకటి కనిపించింది. ఆ గుర్తును ఆధారం చేసుకునే, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో వైకింగులు నరికిన చెట్లు 1021 నాటివని 2021లో తేల్చారు. అదే ఏడాది జూరిచ్ శాస్త్రవేత్తలు 969 నుంచి వలయం వలయంగా కార్బన్-14ను కొలిచి, వెయ్యేళ్ళ పదకొండేళ్ళ చక్రాలను చూపారు. మామూలు చక్రంలో ఆ హెచ్చుతగ్గులు వెయ్యింటికి రెండు మూడు వంతులకు మించవు కాబట్టి ఈ పని ఇంట్లో సాధ్యం కాదు. అందుకు త్వరణ యంత్రాల సహాయంతో పరమాణువులను లెక్కించే పరికరం కావాలి. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లోను, అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీలోను అలాంటివి ఉన్నాయి.

అక్కడికి నమూనా పంపే ఆలోచన ఉంటే, సంవత్సరం నిస్సందేహంగా తేలిన వలయాలనే ఎంచుకుని, ఒక్కొక్కదాన్ని శుభ్రమైన బ్లేడుతో విడిగా చీల్చి, పక్క వలయపు పొట్టు కలవకుండా అల్యూమినియం రేకులో చుట్టి, రేకు మీద సంవత్సరం, బిళ్ళ సంఖ్య, వ్యాసార్ధం సంఖ్య రాయాలి. సుద్దపొడి కూడా కర్బనం ఉన్న పదార్థమే కావచ్చు కాబట్టి ఆ పొడి రుద్దిన ముఖాన్ని తీసివేసి, లోపలి చెక్కనే పంపాలి. బిళ్ళలో మిగిలిన సగాన్ని కోయకుండా, చెదపురుగు చేరని చోట, కొలతల పట్టికతో కలిపి దాచి ఉంచండి. ఫలితం అనుమానాస్పదంగా వస్తే మళ్ళీ కొలవవలసింది దానిమీదే.